ఎల్‌ఎన్‌బీలో ఒక్క చిప్పేనా, ఫ్రీక్వెన్సీ ఎందుకు జరుగుతోంది?

విశాఖ_హామ్: అన్నా, పాత డిష్‌తో హామ్ రేడియో సిగ్నల్స్ పంపే క్యూఓ-100 శాటిలైట్ వింటున్నా, 10489.5 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ బాగానే ఉంది కానీ ఎండ పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ జరిగిపోయి మాటలు అర్థం కావట్లేదు. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే సిగ్నల్ అందుకునే డబ్బా) విప్పితే ఒక బుల్లి చిప్, పక్కన క్రిస్టల్ కనిపించాయి. రిసీవర్ మొత్తం అందులోనేనా?

ఆర్ఎఫ్_పిచ్చోడు: దాదాపు అంతే తమ్ముడూ. ఎన్‌ఎక్స్‌పీ టీఎఫ్‌ఎఫ్1014 లాంటి చిప్‌లో మిక్సర్ (సిగ్నల్ ఫ్రీక్వెన్సీని తగ్గించేది), ఆసిలేటర్, దాన్ని క్రిస్టల్‌కి కట్టేసే పీఎల్‌ఎల్, ఐఎఫ్ (తగ్గించిన ఫ్రీక్వెన్సీ) యాంప్లిఫయర్ అన్నీ ఉంటాయి. 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆధారంగా దానికి 390 రెట్లు, అంటే 9750 మెగాహెర్ట్జ్ తయారుచేస్తుంది, అందుకే క్రిస్టల్ 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తప్పితే చాలు అక్కడ 9.75 కిలోహెర్ట్జ్ జరుగుతుంది, నువ్వు వినే ఎస్‌ఎస్‌బీ (మాటల సిగ్నల్) వెడల్పేమో 2.7 కిలోహెర్ట్జే! చిప్ బంగారం, దాన్ని ముట్టుకోకు, క్రిస్టల్ తీసి మంచి టీసీఎక్స్‌ఓ (వేడికి ఫ్రీక్వెన్సీ అంతగా జరగని ఆసిలేటర్) పెట్టు.

గుంటూరు_డిష్: ఇంకోటి, మొదటి ఎల్‌ఎన్‌ఏ (తక్కువ నాయిస్ యాంప్లిఫయర్) ట్రాన్సిస్టర్లు చిప్ బయటే ఉంటాయి చూడు, గాలియం ఆర్సెనైడ్‌వి. మొదటి స్టేజ్‌లో కలిసిన నాయిస్ తర్వాత ఎంత యాంప్లిఫై చేసినా పోదు కాబట్టి వాటిని విడిగా పెడతారు. స్టాటిక్‌కి ఇట్టే పోతాయి, సోల్డరింగ్ జాగ్రత్త.

విశాఖ_హామ్: థాంక్స్ అన్నా! టీసీఎక్స్‌ఓని నేరుగా ఇచ్చేయొచ్చా?

ఆర్ఎఫ్_పిచ్చోడు: వద్దు, మధ్యలో చిన్న కెపాసిటర్ పెట్టి ఇవ్వు. 10489.5 లోంచి 9750 పోతే ఐఎఫ్ 739.5 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది, మామూలు ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే రేడియో) చాలు.