"పెద్దమనిషి తరహా" అంటే ఇప్పుడు పొగడ్తా, వెటకారమా?

అందరికీ నమస్కారం. వచ్చే వారం మా బాబాయ్ రిటైర్మెంట్ ఫంక్షన్, నేను రెండు ముక్కలు మాట్లాడాలి. ఆయన ఎవరి మీదా గొంతు పెంచడు, ఆఫీస్‌లో అటెండర్‌ని కూడా మీరు అనే పిలుస్తాడు, ఇంటికి ఎవరొచ్చినా లేచి నిలబడి కుర్చీ చూపిస్తాడు. ఇంగ్లీషులో అయితే జెంటిల్మన్ అనేస్తాం, తెలుగులో ఏమనాలో తెలియట్లేదు.

మా తాతయ్య "పెద్దమనిషి తరహా" అనేవాడు, నాకు అదే నచ్చింది. కానీ పెద్దమనిషి అంటే పంచాయితీ చెప్పేవాళ్ళూ గుర్తొస్తారు, ఆడపిల్ల పెద్దమనిషి అయిందన్నా అదే మాట, పైగా "ఏం పెద్దమనిషివయ్యా నువ్వు" అంటే తిట్టే కదా! 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య జరిగిన జెంటిల్మెన్ అగ్రిమెంట్‌ని పెద్దమనుషుల ఒప్పందం అన్నారు కాబట్టి అర్థం సరిపోతుందనే అనుకుంటున్నా, కాకపోతే అది అమలు కాలేదన్న గొడవ వల్ల ఆ మాటకీ కాస్త చేదు అంటింది.

మర్యాదస్తుడు అంటే చప్పగా ఉంది, సంస్కారవంతుడు అంటే సన్మానపత్రంలా ఉంది. మీ వైపు వాడుకలో ఏమంటారు? స్టేజీ మీద "పెద్దమనిషి తరహా" అంటే జనం నవ్వుతారా? శనివారం లోపు చెప్పండి ప్లీజ్.