ఏడేళ్ల అప్‌డేట్లు ముఖ్యమా, విప్పి బాగుచేసుకోవడం ముఖ్యమా?

పిచ్చుకగూడు: నా ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగి ఏడాది దాటింది. ఫోన్ మాత్రం బాగానే ఉంది. ఈసారి కొన్నది ఆరేడేళ్లు వాడాలి. ఫెయిర్‌ఫోన్ 5, పిక్సెల్ 8 మధ్య తేల్చుకోలేకపోతున్నాను.

స్క్రూడ్రైవర్: ఫెయిర్‌ఫోన్ తీసుకోండి. వెనక మూత చేత్తో తీసి బ్యాటరీ మార్చుకోవచ్చు. స్క్రీన్, ఛార్జింగ్ పోర్ట్ మామూలు స్క్రూలు విప్పితే ఊడివస్తాయి. సపోర్ట్ 2031 వరకు. అందుకోసమే పారిశ్రామిక పరికరాలకు చేసిన క్వాల్‌కామ్ చిప్ పెట్టారు. దానికి చిప్ కంపెనీ మద్దతు ఎక్కువకాలం ఉంటుంది.

రాత్రిడ్యూటీ: పిక్సెల్ 8కీ ఏడేళ్లు ఇస్తున్నారండీ. పైగా బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి, గ్రాఫీన్‌ఓఎస్ (భద్రత కోసం మార్చిన ఆండ్రాయిడ్) వేసి, మళ్లీ లాక్ చేసుకోవచ్చు. ఆ మళ్లీ లాక్ చేయడమే అసలు భద్రత.

స్క్రూడ్రైవర్: ఏడేళ్లు ఎప్పటినుంచి? మార్కెట్లోకి వచ్చిన 2023 అక్టోబర్ నుంచి. మనం కొన్న రోజు నుంచి కాదు.

తేనెపట్టు: ఫెయిర్‌ఫోన్ 5 కూడా 2023దే కదా. లెక్క రెండింటికీ ఒకటే.

స్క్రూడ్రైవర్: నేను ఆఖరి సంవత్సరం చెప్పాను, ఆయన 'ఏడేళ్లు' అన్నారు. కొనేవాళ్లు మోసపోయేది అక్కడే. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి వచ్చే మోడళ్లకు, అమ్మకం ఆగాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని నిబంధన ఉంది. లెక్క అలా ఉండాలి.

రాత్రిడ్యూటీ: 2030 అక్టోబర్ వరకు. సరేనా? ఒక్క తేదీ పట్టుకుని ఇంకెంతసేపు?

స్క్రూడ్రైవర్: మీకు అది చిన్న విషయం. నా పాత ఫోన్‌కి ఇంకా అప్‌డేట్లు వస్తుండగానే ఛార్జింగ్ పోర్ట్ పోయింది. అది మెయిన్ బోర్డు మీదే ఉంది, బోర్డు మొత్తం మార్చాలన్నారు. స్టోరేజీ ఆ బోర్డులోనే, పైగా ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. మా పాప మొదటి మాటలు రికార్డు చేసుకున్నవన్నీ పోయాయి. అప్‌డేట్లు ఏం కాపాడాయి?

తేనెపట్టు: బ్యాకప్ లేదా?

స్క్రూడ్రైవర్: లేదు. తప్పు నాదే అనండి. అయినా పోర్ట్ విడిగా ఉంటే ఆ పరిస్థితే వచ్చేది కాదు.

రాత్రిడ్యూటీ: బాధగా ఉందండీ. నా సంగతీ వినండి. అమ్మ పాత ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోతే నేనే లీనియేజ్ఓఎస్ (పాత ఫోన్లకూ వేసుకోగల ఉచిత ఆండ్రాయిడ్) వేశాను. ఆండ్రాయిడ్ ప్యాచ్‌లు వచ్చాయి, మోడెమ్ ఫర్మ్‌వేర్ (నెట్‌వర్క్ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మాత్రం కంపెనీ వదిలేసిన చోటే ఉండిపోయింది. దాని సోర్స్ కోడ్ బయటివాళ్ల దగ్గర లేదు. ఒకరోజు బ్యాంకు యాప్ 'ఈ ఫోన్‌లో పనిచేయను' అంది. అమ్మ ఆస్పత్రిలో డబ్బు కట్టలేక నిలబడింది. నేను రాత్రి షిఫ్టులో ఉన్నాను, ఫోన్ ఎత్తలేదు. విప్పగలిగే ఫోన్ అంటే విప్పేవాడు ఎప్పుడూ పక్కన ఉండాలి. నాకు ఆ భారం వద్దు.

స్క్రూడ్రైవర్: ఇదీ మన అసలు తగవు. పాడైతే నేనే చూసుకోగలగాలని నా పట్టుదల. అసలు చూసుకోవాల్సిన అవసరమే రాకూడదని మీది. ఇంతసేపూ తేదీల మీద కొట్టుకున్నాం.

రాత్రిడ్యూటీ: అవును. కానీ ఫోన్ తాళంచెవి, అంటే బూట్‌లోడర్ తెరిచే వీలు, కంపెనీ మన చేతికి ఇవ్వాలన్న దగ్గర మాత్రం నేను మీతోనే.

పిచ్చుకగూడు: ఫోన్ నాకోసమే, వేరే ఎవరికీ కాదు. స్క్రూలు విప్పడం నాకు భయం లేదు. అయితే నా బ్యాంకు యాప్ ఏ ఓఎస్‌లో నడుస్తుందో ముందు కనుక్కుని, ఆ తర్వాతే కొంటాను. ఈ రాత్రికి పాత ఫోన్ బ్యాకప్ తీస్తున్నాను.