నల్లగొండలో ఆరోగ్యశ్రీ కార్డు మీద ఫిజియోథెరపీ ఎక్కడ చేస్తారు?

మూసీఒడ్డు:
మాది నకిరేకల్ దగ్గర పల్లె. నెల కింద మా నాయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. హైదరాబాద్‌లో పన్నెండు రోజులు అడ్మిట్ చేశాం, ఆ ఖర్చంతా ఆరోగ్యశ్రీ మీదే పోయింది. డిశ్చార్జి చేస్తూ రోజూ ఫిజియోథెరపీ చేయించాలి, మధ్యలో ఆపొద్దు అని రాసిచ్చారు. ఇక్కడికొచ్చాక నాలుగు క్లినిక్‌లు తిరిగాను. ఒకచోట బయట ఆరోగ్యశ్రీ బోర్డు ఉంది, లోపలికి పోయి అడిగితే అది ఆపరేషన్లకే, ఫిజియోకు వర్తించదన్నారు. ఇంటికొచ్చి చేయాలంటే రోజుకు 500 అడుగుతున్నారు, అంటే నెలకు పదిహేను వేలు. రెండెకరాల పత్తి మీద బతికేవాళ్లం, అంత ఎక్కడి నుంచి తేవాలి? ఆయన ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంటున్నాడు, నాకు చూడబుద్ధి కావట్లేదు. కార్డు తీసుకునే ఫిజియో ఎవరైనా తెలిస్తే చెప్పండి.

పాలమూరు అక్క:
తమ్ముడూ, మా అమ్మకు ఇదే వచ్చినప్పుడు నేనూ రెండు వారాలు ఇట్లనే తిరిగాను, ఆ రెండు వారాలు పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధే. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైందే మా పాలమూరు, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో, అప్పటి నుంచి మా ఊళ్లలో కార్డుంటే అన్నీ ఫ్రీ అనే అనుకుంటారు. కానీ అది ప్యాకేజీ పద్ధతి. ఆసుపత్రిలో చేరితే ఫలానా జబ్బుకు, ఫలానా ఆపరేషన్‌కు ఇంత అని ఆసుపత్రికి కడతారు. 2023 డిసెంబర్‌లో ఐదు లక్షల పరిమితిని పది లక్షలు చేశారు కానీ అది కూడా చేరి చేయించుకునే వైద్యానికే. ఇంటి నుంచి రోజూ క్లినిక్‌కు పోయి చేయించుకునే ఫిజియోకు ఆ కార్డు పనిచేయదు, కాబట్టి కార్డు తీసుకునే క్లినిక్ కోసం వెతకడం ఇక ఆపెయ్.

నేరుగా నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకుపో, ఇప్పుడది మెడికల్ కాలేజీ ఆసుపత్రి. ఓపీ చీటీ రాయించుకుని, డిశ్చార్జి కాగితాలు చూపించి, ఫిజియోథెరపీకి పంపమని డాక్టర్‌ను నువ్వే అడుగు, అడగకపోతే మందులు రాసి పంపేస్తారు. మా అమ్మకు మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రిలో చేయించాం, ఒక్క రూపాయి కట్టలేదు. పొద్దున తొందరగా పోవాలి, పది దాటితే నడుము నొప్పులు, మోకాళ్ల నొప్పుల వాళ్లతో గది నిండిపోతుంది. కార్డు గురించి ఇంకా అనుమానం ఉంటే 104కు ఫోన్ చెయ్, లేదంటే చేర్చిన ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను అడుగు.

మిర్యాలగూడ ఫిజియో:
నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి ఎనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. అక్క చెప్పింది సరైనదే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: రోజూ ఆసుపత్రికి పోలేకపోతున్నాం అని మానెయ్యకండి. వారానికి రెండుసార్లు పోయినా, అక్కడ చేయించేది ఫోన్‌లో వీడియో తీసుకుని ఇంట్లో రోజుకు మూడు నాలుగుసార్లు చేయించండి. మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ తిరిగొస్తుంది, ఆ తర్వాత కూడా వస్తుంది కానీ మెల్లగా.

పడిపోయిన చేతిని పట్టుకుని లేపొద్దు. మంచం మీద నుంచి లేపేటప్పుడు ఇంట్లోవాళ్లు ఆ రెక్క పట్టుకుని గుంజుతారు, భుజం కీలు జారి నొప్పి మొదలైతే ఆ మనిషి ఇక చెయ్యి ముట్టనివ్వడు, అప్పుడు మా చేతుల్లో కూడా ఏమీ ఉండదు. నడుము దగ్గర పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు చేతి కింద మెత్త పెట్టండి, వేలాడనివ్వొద్దు. బల్ల మీద తువ్వాలు పరిచి రెండు చేతులూ దాని మీద పెట్టించి ముందుకూ వెనక్కీ జరపమనండి, మంచి చెయ్యి పడిపోయిన చేతిని తీసుకుపోతుంది. పసరు వైద్యం, గట్టిగా నూనె మర్దన అంటూ ఎవరైనా వస్తే దయచేసి వద్దనండి. బీపీ గోలీలు ఒక్కపూట కూడా తప్పొద్దు. డబ్బు పెట్టి ఇంటికి పిలిపిస్తే మాత్రం బీపీటీ చదివారా అని అడగండి, అడగడంలో తప్పేం లేదు.

దేవరకొండ వాసి:
ఇంకో మాట అన్నా. కొన్ని నెలలు చూశాక కూడా లోపం మిగిలిపోతే వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్టిఫికెట్‌కు (ఇదివరకు సదరం, ఇప్పుడు యూడీఐడీ కార్డు) స్లాట్ బుక్ చేయించండి. 40 శాతం, ఆపైన ఉంటే వికలాంగుల పింఛన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, నెలకు 4016. అమ్మ తోడు వస్తే పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆమెకు టికెట్ డబ్బులుండవు, ఆధార్ పెట్టుకోమను.

మూసీఒడ్డు:
అందరికీ దండాలు. సోమవారం పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. చీటీ నుంచి గదికి చేరేసరికి రెండు గంటలు పట్టింది కానీ అక్కడి మేడం మా అమ్మకు ఒక్కొక్కటీ చేసి చూపించింది, నేను వీడియో తీశాను. భుజం సంగతి అడిగితే మేం ఇన్నాళ్లూ గుంజి లేపుతున్నదే తప్పని తెలిసింది, మానేశాం. మంగళవారం, శుక్రవారం రమ్మన్నారు. అమ్మ పొద్దున పాలు పితికి వచ్చి తువ్వాలు పరుస్తోంది. నిన్న నాయన బొటనవేలు కొంచెం కదిలింది, కదిలిందా లేదా అని ముగ్గురం తలలు వంచి చాలాసేపు చూశాం. కదిలింది.