‘ప్రాణము పెట్టును’: ఇది ప్రేమా, చావా?

పెద్దలకు నమస్కారం. యోహాను సువార్త 10:11లో ‘మంచి కాపరి గొఱ్ఱెలకొరకు తన ప్రాణము పెట్టును’ అని ఉంది. మనం ‘మనవడంటే ప్రాణం పెడుతుంది’, ‘ప్రాణం పెట్టి పనిచేశాడు’ అంటాం. అక్కడ ఎవరూ చావరు కదా! ‘ప్రాణమిచ్చును’ అని ఎందుకు రాయలేదు?

— అదే అధ్యాయం 18వ వచనం కూడా చూడండి. నా ప్రాణం ఎవరూ తీసుకోరు, నా అంతట నేనే పెడుతున్నాను, తిరిగి తీసుకుంటాను అంటాడు క్రీస్తు. పెట్టినదాన్నే కదా తిరిగి తీసుకునేది! గ్రీకు క్రియ ‘తిథేసిన్’కి కూడా పెట్టడమనే అర్థం.

ఈ వాక్యం వింటే నాకు పారిస్ ఆర్చిబిషప్ దెనీ అఫ్ర్ గుర్తొస్తాడు. 1848 ఫిబ్రవరిలో రాజు లూయీ ఫిలిప్ గద్దె దిగి పారిపోయాడు, రిపబ్లిక్ వచ్చింది. పనిలేనివాళ్ళకు కూలి ఇచ్చే జాతీయ కార్ఖానాలను జూన్‌లో మూసేయబోతే కార్మికులు తిరగబడి వీధులకు అడ్డంగా బారికేడ్లు కట్టారు. 25న అఫ్ర్ సేనాని కవెన్యాక్‌ని కలిసి, రాజీ మాట్లాడతానని బాస్తీల్ దగ్గరి బారికేడ్‌కి వెళ్ళాడు. వద్దన్నవాళ్ళకి ఈ కాపరి మాటే చెప్పాడంటారు. కాల్పులు కాసేపు ఆగి మళ్ళీ మొదలయ్యాయి. గుండు తగిలి 27న పోయాడు. ఎవరు పేల్చారో తేలనే లేదు. నా రక్తమే ఆఖరిది కావాలని కోరుకున్నాడట, పాపం. ఆయన కోరుకున్నట్టు జరగలేదు.

— అయితే అది ‘ప్రాణాలొడ్డడం’ అండీ. చావడానికి వెళ్ళలేదు, తెగించి వెళ్ళాడు.

— బాగా పట్టుకున్నారు మేడమ్. పందెంలో ఒడ్డినది పోవచ్చు, పోకపోవచ్చు. కానీ అదే పారిస్‌లో 1871లో కమ్యూన్ వాళ్ళు, అంటే ప్రభుత్వం మీద తిరగబడి నగరాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్ళు, ఆర్చిబిషప్ దార్బువాని బందీగా పట్టుకున్నారు. ప్రభుత్వ చెరలో ఉన్న విప్లవకారుడు బ్లాంకీని వదిలితే ఈయన్ని వదులుతామన్నారు, ప్రభుత్వాధినేత తియేర్ ఒప్పుకోలేదు. మే 24న లా రొకెట్ జైల్లో కాల్చేశారు. అది ఒడ్డడమూ కాదు, పెట్టడమూ కాదు, ప్రాణం తీయడమే.

— ఒప్పుకోను మాస్టారూ. ఊళ్ళో గొడవ ముదురుతోందని తెలిసీ కదలకుండా ఉండిపోయాడు కదా. కాల్చేవాళ్ళను దీవించాడని కూడా చెబుతారు. నన్నడిగితే దార్బువాకే ‘పెట్టును’ సరిపోతుంది, అఫ్ర్‌కి ‘ఒడ్డెను’ చాలు.