అప్‌డేట్: డైర్ స్ట్రెయిట్స్ హిట్ సింగిల్స్ సంగతి తేలింది

బావగారి కారులో వినడానికి బ్రిటిష్ రాక్ బ్యాండ్ డైర్ స్ట్రెయిట్స్ ఎనభైల నాటి హిట్ సింగిల్స్ (విడిగా విడుదలైన పాటలు) ఏవి పెట్టాలి, వాటిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది ఏది అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు రెండో ప్రశ్న. బ్రిటన్‌లో వాళ్ల సింగిల్ ఒక్కటీ నంబర్ వన్ కాలేదు! 1982లో 'ప్రైవేట్ ఇన్వెస్టిగేషన్స్' రెండో స్థానం దాకా వెళ్లింది. దాదాపు ఏడు నిమిషాల పాట, సగం గొణుగుడు, సగం గిటార్. అది అంత పైకి ఎలా వెళ్లిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. తర్వాత 'వాక్ ఆఫ్ లైఫ్' కూడా అక్కడే ఆగింది.

'మనీ ఫర్ నథింగ్' 1985లో అమెరికాలో నంబర్ వన్, బ్రిటన్‌లో నాలుగు. ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో పనిచేసే ఒకాయన టీవీలో పాటలు చూస్తూ విసుక్కున్న మాటలనే బ్యాండ్ గాయకుడు, గిటారిస్ట్ మార్క్ నాఫ్లర్ పాటగా మలిచాడు. మొదట్లో వినిపించే సన్నని గొంతు గాయకుడు స్టింగ్‌ది, రచనలో ఆయన పేరు కూడా ఉంది. పాటల వీడియోలు వేసే టీవీ చానల్ ఎమ్‌టీవీని వెక్కిరించే ఈ పాటే 1987లో ఎమ్‌టీవీ యూరప్ వేసిన మొదటి వీడియో. భలే ఉంది కదూ?

'సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్' 1978 నాటిదే, హిట్టయింది మాత్రం 1979లో. ఎనభైల లెక్కలోకి రాకపోయినా లిస్టులో ఉంచాను. అది తీసేస్తే బావగారు ఊరుకోరు.

'రోమియో అండ్ జూలియట్' మాత్రం అక్కయ్య కోసం.