గుడి గోడ మీది పాచి అంతా ఒకే మొక్కా?

దేవరకొండ కుర్రాడు: వానలకు మా గుడి ప్రహరీ అంతా మెత్తటి పచ్చ పాచి పట్టింది. చూడటానికి అంతా ఒక్కటే. మొక్కకూ మొక్కకూ జన్యువుల్లో తేడా ఉంటుందా?

పానగల్లు మాస్టారు: ఉండదు. 31 ఏళ్లు ఇంటర్‌కు బోటనీ చెప్పాను. గోడల మీద పెరిగే ఫ్యునేరియా అనే పాచిలో ఆడ, మగ కొమ్మలు ఒకే మొక్క మీద ఉంటాయి. మొక్క ఏకస్థితికం, అంటే ప్రతి జన్యువుకూ ఒక్కటే కాపీ. బీజకణాలు సమవిభజనతో, అంటే జన్యువులు కలగలవకుండా, వస్తాయి కాబట్టి అన్నీ ఒకటే. అవి తమలో తాము కలిస్తే గుళికలోని సిద్ధబీజాలన్నీ, అంటే కొత్త మొక్కలు మొలిచే పొడి రేణువులన్నీ, తల్లికి నకళ్లే. అందుకే ఇవి ఆదిమ మొక్కలుగానే ఆగిపోయాయి.

అమ్రాబాద్ అమ్మాయి: స్వయం ఫలదీకరణ వరకు మీ మాట నిజం సార్. కానీ మాస్‌లలో, అంటే ఇలాంటి పాచి మొక్కల్లో, సగానికి పైగా జాతులకు ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పాచికి చుట్టాలైన లివర్‌వర్ట్‌లలో ఒకటైన మార్కాన్షియాలో ఆడదానికి యు క్రోమోజోమ్, మగదానికి వి. రెండు మొక్కలు కలవాల్సిందే. పైగా జన్యువుకు ఒక్కటే కాపీ కాబట్టి చెడు ఉత్పరివర్తనం (జన్యువులో మార్పు) చాటున దాక్కోలేదు, మంచిదీ దాక్కోదు. రెండూ వెంటనే పరీక్షకు నిలబడతాయి.

పానగల్లు మాస్టారు: మార్కాన్షియాకు జెమ్మాలనే బుల్లి మొగ్గలుండే గిన్నెలు లేవా అమ్మా? చినుకు పడితే జెమ్మాలు చింది పక్కనే మొలుస్తాయి. అవీ నకళ్లే. అడిగింది గోడ గురించి.

షాద్‌నగర్ శ్రీను: పోయిన శ్రావణంలో ఈ పాచి మీదే జారి మా అమ్మ తుంటి విరిగింది. ముందు బ్లీచింగ్ చల్లి కడిగించండి.

అమ్రాబాద్ అమ్మాయి: గోడ మీద సిద్ధబీజాలు ఒక్క తల్లి నుంచే వచ్చాయని ఎవరు చూశారు? గాలికి ఎక్కడెక్కడివో వస్తాయి. ఇక "ఆగిపోయాయి" అన్నది అసలు ఒప్పుకోను. లివర్‌వర్ట్‌లకు పత్రరంధ్రాలు లేకపోవడం ఆదిమ లక్షణమని చదివాం. పూర్వీకులకు ఉండి తర్వాత పోయాయని ఇప్పుడు జన్యువులు చూపిస్తున్నాయి. సాదాగా కనిపించేవి అంతకంటే సంక్లిష్టమైన వాటి నుంచి తగ్గుతూ వచ్చాయని వృక్షశాస్త్రవేత్త శివరామ్ కశ్యప్ లాహోర్‌లో ఉన్నప్పుడే అన్నారు. 2017లో మార్కాన్షియా జన్యుపటం వచ్చింది, సుమారు 19 వేల జన్యువులు. పరీక్షలో "ఆదిమం కాదు" అని రాస్తే నాకు మార్కులు కోశారు.

పానగల్లు మాస్టారు: అంటే నేను 31 ఏళ్లు తప్పు చెప్పాననా? మాకు సరైన మైక్రోస్కోప్ ఒక్కటి లేదు. నా జీతంలోంచి బస్సు కిరాయి పెట్టి పిల్లల్ని మల్లెలతీర్థం తీసుకెళ్లి చూపించాను. ఫోన్‌లో చదివి వచ్చిన వాళ్లకు అది తెలియదు.

అమ్రాబాద్ అమ్మాయి: మిమ్మల్ని అనలేదు సార్. పాచి మీద ప్రాజెక్టు చేస్తానంటే "ఎదగని మొక్కలో ఏముంటుంది" అని మా గైడ్ కొట్టేశారు. ఆ ఒక్క మాట వల్ల నల్లమల పక్కనే పుట్టి కూడా మా అడవి మొక్కల మీద పని చేయలేకపోయాను. నా కోపం ఆ మాట మీద.

దేవరకొండ కుర్రాడు: మరి మా గోడ సంగతి?

పానగల్లు మాస్టారు: అమ్మా, మల్లెలతీర్థం నుంచి తెచ్చినవి పేపరు పొట్లాల్లో ఇంకా ఉన్నాయి, తేదీలతో సహా. ఎండినవాటి నుంచి డీఎన్‌ఏ తీయొచ్చా?

అమ్రాబాద్ అమ్మాయి: తీయొచ్చు సార్, ముక్కలై ఉన్నా పని జరుగుతుంది. ఒకే బండ మీది గుత్తుల్ని విడివిడిగా కట్టారా?

పానగల్లు మాస్టారు: మూడు పొట్లాలు అలా ఉన్నాయి. ఫ్యునేరియా విషయంలో మాత్రం నా మాట అదే.