ఎబెనెజరు: పేరు ఒకటి, దాని పక్కన చెప్పిన మాట మరొకటి

ప్రశ్న: క్రైస్తవుల ఇళ్ల మీద, ప్రార్థన మందిరాల మీద ‘ఎబెనెజరు’ అనే పేరు తరచుగా కనిపిస్తుంది. కొందరు దీనికి ‘సహాయపు రాయి’ అని, కొందరు ‘ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను’ అని అర్థం చెబుతారు. ఏది సరి?

సమాధానం: పేరుకు అర్థం మొదటిదే. రెండోది, మిస్పా దగ్గర శత్రువులైన ఫిలిష్తీయుల మీద గెలిచాక నిలిపిన రాతికి ఆ పేరు పెడుతూ ఇశ్రాయేలు ప్రవక్త సమూయేలు అన్న మాట (1 సమూయేలు 7:12). పెళ్లి పత్రికల మీద, క్యాలెండర్ల మీద ఆ వాక్యం అచ్చయి అచ్చయి పేరుకే అర్థంగా స్థిరపడిపోయింది.

హీబ్రూలో ఇది ‘ఎవెన్ హా ఏజెర్’. ఎవెన్ అంటే రాయి, ఏజెర్ అంటే సహాయం, నడుమనున్న ‘హా’ ఫలానా అని నిర్దేశించేది. మనం రెండు మాటలనూ ఒకే అచ్చుతో మొదలుపెడతాం కానీ, హీబ్రూలో ఎవెన్‌కు మొదటి అక్షరం ఆలెఫ్, ఏజెర్‌కు అయిన్. అయిన్ గొంతు లోపలి నుంచి పలికే హల్లు, దానికి తెలుగులో అక్షరం లేదు. పాత గ్రీకు అనువాదం ఈ పేరును ‘అబెనెజెర్’ అని రాసి, పక్కనే ‘సహాయకుని రాయి’ అని అర్థం కూడా ఇచ్చింది. సహాయం కాస్తా సహాయకుడయ్యాడు!

ఇక ‘ఇంతవరకు’ సంగతి. మూలంలో ‘అద్ హేన్నా’ అని ఉంది. హేన్నా అంటే ‘ఇటు, ఇక్కడికి’. అందుకే ఈ పదబంధం చోటుకూ చెల్లుతుంది, కాలానికీ చెల్లుతుంది. తరిమిన శత్రువును ఇక్కడిదాకా తరిమామనీ, ఇన్నాళ్లూ ఆదుకున్నాడనీ రెండు విధాలా చదవవచ్చు. మన ‘ఇంతవరకు’ కూడా సరిగ్గా ఆ రెండు పనులూ చేస్తుంది కాబట్టి తెలుగు అనువాదకులకు ఇక్కడ అదృష్టం కలిసొచ్చిందనే నా అభిప్రాయం. ఇంకో విశేషం: సమూయేలు తల్లి హన్నా తనను తాగుబోతు అనుకున్న యాజకుడు ఏలీకి జవాబిస్తూ ‘ఇంతవరకు నా దుఃఖం కొద్దీ మాట్లాడాను’ అన్నప్పుడు వాడింది కూడా ‘అద్ హేన్నా’యే (1:16). తల్లి కన్నీళ్లలో అన్న మాట కొడుకు నోట రాతి దగ్గర వినిపిస్తుంది. రచయిత కావాలనే చేశాడో లేదో ఎవరికి తోచినట్టు వారు అనుకోవచ్చు.

మరొక సభ్యుడు: ఒక సందేహం. పేరు పెట్టింది 7వ అధ్యాయంలో. కానీ 4వ అధ్యాయంలోనే ఇశ్రాయేలీయులు ఎబెనెజరులో దిగారని ఉందే?

సమాధానం: అసలు రసమంతా అక్కడే ఉంది. 4వ అధ్యాయంలో ఫిలిష్తీయులు ఆఫెకులో, వీరు ఎబెనెజరులో దిగారు. మొదటి పోరులో దాదాపు 4,000 మంది, రెండో పోరులో 30,000 మంది కూలిపోయారు. దేవుని సన్నిధికి గుర్తుగా ఉన్న పవిత్రమైన పెట్టె, మందసం, శత్రువుల చేతికి పోయింది. ఏలీ చనిపోయాడు. ఏలీ కోడలు ప్రసవిస్తూ బిడ్డకు ఈకాబోదు, అంటే ‘మహిమ ఏది?’ అని పేరు పెట్టి కన్నుమూసింది. మందసాన్ని ఎబెనెజరు నుంచి అష్డోదుకు మోసుకుపోయారని 5:1 చెబుతుంది. ఓటమి కథలో చోటు పేరు ‘సహాయపు రాయి’! కథ రాసిన నాటికి వాడుకలో ఉన్న పేరునే పాత సంఘటనకూ వాడారని కొందరు, రెండూ వేర్వేరు చోట్లని కొందరు అంటారు. రెండో మాటకే నేను మొగ్గుతాను. 4వ అధ్యాయంలోని ఆఫెకు తీర మైదానం అంచున ఉంది, 7వ అధ్యాయంలో రాయి నిలిపిన చోటికి దగ్గరి మిస్పా కొండ సీమలో ఉంది. మొదటి ఎబెనెజరు ఆఫెకుకు ఎదురుగా ఉన్న ఇజ్బెత్ సర్తా అనే దిబ్బేనని పురావస్తు శాస్త్రవేత్త మోషే కోఖావి ప్రతిపాదించాడు. 1976లో అక్కడ అక్షరాలు గీసిన కుండపెంకు దొరికింది. చోట్లు రెండైనా, ఘోరంగా ఓడిన చోటి పేరునే గెలిచిన చోట నిలిపిన రాతికి పెట్టడం యాదృచ్ఛికమంటే నేను నమ్మను.

వ్యాకరణం పట్టింపు ఉన్నవారికి ఒక చిన్న మాట: 4:1లో ‘హా’ రెండు మాటలకూ తగిలించి ‘హా ఎవెన్ హా ఏజెర్’ అని ఉంది. హీబ్రూ షష్ఠీ సమాసంలో అది రెండో మాటకే రావాలి.

ఇంకొకరు: ఆదికాండం 2:18లో స్త్రీని ‘సాటియైన సహాయము’ అన్నది కూడా ఈ ఏజెర్‌నేనా?

సమాధానం: అదే. ‘నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును’ అనే 121వ కీర్తనలోదీ అదే. సహాయం అనగానే చేతికింద పనిమనిషి గుర్తొచ్చేవారు ఆ కీర్తన ఒకసారి చదవాలి, అక్కడ సహాయం చేసేది యెహోవాయే. ఎలీయెజెరు, అజర్యా, ఎజ్రా పేర్లూ ఈ ధాతువువే. లాజరు కూడా ఎలియాజరు అనే పేరు గ్రీకులో అరిగి మిగిలినదే.

మొదటి సభ్యుడు: రాయి నిలిపింది మిస్పాకూ షేనుకూ మధ్య అని ఉంది. ఆ రెండు పేర్లు?

సమాధానం: మిస్పా అంటే కావలి చోటు. షేను అంటే పన్ను, పొడుచుకొచ్చిన కొండకొమ్ముకు పెట్టిన పేరు కావచ్చు. గ్రీకు అనువాదకులు మాత్రం అక్కడ ‘పాతది’ అనే అర్థం వచ్చేలా చదివారు. అందుకే కొందరు పండితులు ఆ ఊరు యెషానా అంటారు.